మేడారం జాతరలో నా ఫోన్ సైరన్ మోగింది.. ఎవరికీ వినబడలేదు!

గురువారం పొద్దుగూకింది. సమ్మక్క తల్లి చిలకలగుట్ట దిగిందన్న కబురు జనంలో ఒకరి నోటి నుంచి ఒకరికి పాకుతోంది. డప్పులు, బూరలు, పూనకాలు. గద్దెల దగ్గర కాలు తీసి కాలు పెట్టే సందు లేదు. సరిగ్గా అప్పుడే నా జేబులోంచి ఫోన్ జారిపోయింది. రెండు సెకన్లు, మూడు సెకన్లు... తర్వాత సైరన్ మొదలైంది. మా ఇంట్లో అయితే ఆ చప్పుడుకు పక్కింటివాళ్లు కూడా లేచి కూర్చున్నారు. ఇక్కడ మాత్రం నా భుజానికి భుజం ఆనించి నిలబడ్డ పెద్దాయన కూడా తిరిగి చూడలేదు. అసలు సంగతేంటంటే, నాకే వినబడలేదు.

కంగారు పడకండి. ఫోన్ తీసింది దొంగ కాదు, మా చిన్నమ్మ కొడుకు. పదడుగుల అవతల నిలబడి, అరుస్తున్న ఫోన్‌ను పైకెత్తి చూపిస్తూ పకపకా నవ్వుతున్నాడు. "అన్నా, నేనే దొంగనైతే ఈపాటికి తాడ్వాయి దాటుదును" అన్నాడు తర్వాత.

ప్లే స్టోర్‌లో 'యాంటీ థెఫ్ట్ అలారం' అని కొడితే డజన్ల కొద్దీ యాప్‌లు వస్తాయి. రీల్స్‌లో కూడా చూసే ఉంటారు. ఎవడో ఫోన్ ముట్టుకుంటాడు, అది గట్టిగా అరుస్తుంది, దొంగ పారిపోతాడు. నిజంగా అట్లా జరుగుతుందా? తేల్చుకోవడానికి నేను ఎంచుకున్న చోటు మేడారం. దానికో కారణం ఉంది.

పోయిన జాతరలో పోయింది ఫోన్ ఒక్కటే కాదు

2024 ఫిబ్రవరి జాతరలో జంపన్న వాగు దగ్గర అమ్మ ఫోన్ పోయింది. స్నానానికి దిగుతూ సంచిని ఒడ్డున పెట్టింది. లేచి వచ్చేసరికి సంచి ఉంది, ఫోన్ లేదు. ఎనిమిది వేల ఫోన్. దాని గురించి ఎవరూ పెద్దగా బాధపడలేదు.

కానీ అందులో నాన్న ఉన్నాడు. 2021లో కరోనా సెకండ్ వేవ్‌లో నాన్న పోయాడు. ఆయనకు టైప్ చేయడం రాదు. అమ్మకు ఏం చెప్పాలన్నా వాట్సాప్‌లో వాయిస్ మెసేజే. "కూరగాయలు తెస్తున్న", "అన్నం తిన్నవా", "మోటర్ బంద్ చేసినవా". అన్నీ పది సెకన్ల ముచ్చట్లే. మూడేళ్లపాటు అమ్మ రాత్రిపూట వాటినే వింటూ ఉండేది. బ్యాకప్ పెట్టలేదు. పెట్టాల్సింది నేనే. ఇంట్లో ఫోన్ల సంగతి తెలిసినవాణ్ని నేనొక్కణ్నే మరి.

అందుకే ఈ జాతరకు పోదామనగానే అమ్మ ఒకటే మాట అంది. "నేనైతే ఫోన్ పట్టుకరాను బిడ్డా. పోయినసారి పోయింది సాలదా?" ఫోన్ లేకుండా ఆ లక్షల జనంలో అమ్మ తప్పిపోతే ఎట్లా పట్టుకోవాలి? "ఈసారి పోదు, అలారం పెడతా" అని నేను మాటిచ్చాను. మాటిచ్చాక కదా, అది పనిచేస్తుందో లేదో చూసుకోవాలన్న బుద్ధి పుట్టింది!

హనుమకొండలో రిహార్సల్

మూడు యాప్‌లు వేసుకున్నాను. పేర్లు వేరైనా లోపల చేసే పని దాదాపు ఒకటే. ఫోన్‌లో ముందే ఉన్న సెన్సర్లను వాడుకుంటాయి.

పాకెట్ మోడ్: స్క్రీన్ పైభాగంలో ఉండే ప్రాక్సిమిటీ సెన్సర్ ముందు బట్ట అడ్డం ఉన్నంతసేపు ఊరుకుంటుంది. అడ్డం తొలగగానే అరుస్తుంది. కాల్ మాట్లాడేటప్పుడు చెవి దగ్గర స్క్రీన్ ఆరిపోయేది కూడా ఈ సెన్సర్ వల్లే.

మోషన్ మోడ్: బల్ల మీద పెట్టిన ఫోన్ కదిలితే యాక్సిలరోమీటర్ పసిగడుతుంది.

చార్జర్ మోడ్: కేబుల్ పీకితే మోగుతుంది.

ఇంట్లో మూడూ భేషుగ్గా పనిచేశాయి. కొంచెం ఎక్కువే పనిచేశాయి! రాత్రి చార్జర్ మోడ్ పెట్టి పడుకున్నా. రెండున్నరకు కరెంటు పోయింది. కరెంటు పోవడానికీ, దొంగ కేబుల్ పీకడానికీ యాప్‌కు తేడా ఏం తెలుస్తుంది? అర్ధరాత్రి అంబులెన్స్ ఇంట్లోకి వచ్చినట్టు మోత. నిద్రమత్తులో పిన్ రెండుసార్లు తప్పు కొట్టాను. "గీ లొల్లి పెట్టుకొని జాతరకు వస్తవారా?" అని అమ్మ తల పట్టుకుంది.

బస్సులో నేనే దొంగ

బుధవారం పొద్దున హనుమకొండ నుంచి జాతర స్పెషల్ బస్సు ఎక్కాం. అమ్మ, చిన్నమ్మ ఆధార్ చూపించి జీరో టికెట్ తీసుకున్నారు. డబ్బులు కట్టాల్సింది నేనూ తమ్ముడూనే. జేబులో పాకెట్ మోడ్ ఆన్‌లో ఉంది. యూపీఐ కోసం ఫోన్ తీశానో లేదో, బస్సు మొత్తం నావైపే చూసింది. కండక్టరమ్మ, "ఏం తమ్మీ, ఫోన్ నీదేనా?" అని అడిగింది. నవ్వింది గానీ, అడగడం మాత్రం సీరియస్‌గానే అడిగింది.

ములుగు దగ్గర గట్టమ్మ తల్లి గుడి వచ్చేలోపు మరో మూడుసార్లు మోగింది. మేడారం పోయేవాళ్లు ముందు గట్టమ్మకు మొక్కి పోవడం ఆనవాయితీ. అమ్మ కిటికీలోంచే దండం పెట్టుకుంది. నేను ఫొటో తీద్దామని ఫోన్ బయటికి తీశా. మళ్లీ సైరన్. వెనక సీట్లో ఒక తాత, "పిల్లగా, దాన్ని బొంద పెట్టురా" అన్నాడు.

ఇక్కడే మొదటి పాఠం తెలిసింది. మనం ఫోన్‌ను జేబులోంచి రోజుకు ఎన్నిసార్లు తీస్తామో లెక్కే లేదు. దొంగ తీసేది జీవితంలో ఒక్కసారి. మనం తీసిన ప్రతిసారీ ఆ సైరన్ ఆపుకోవాలి. అందుకే చాలామంది ఇలాంటి యాప్ వేసుకున్న రెండో రోజే ఆపేస్తారు. నేను పసర దాటేలోపే ఆపేశాను. ఫోన్ పోయే రోజుకు అది ఆఫ్‌లోనే ఉంటుందన్నమాట.

జంపన్న వాగులో పది దొంగతనాలు

జంపన్న సమ్మక్క కొడుకు. కాకతీయ సైన్యంతో పోరులో ఓటమి తప్పదని తెలిసి ఈ వాగులో దూకాడని, అప్పటిదాకా సంపెంగ వాగుగా ఉన్నది జంపన్న వాగు అయిందని చెప్తారు. భక్తులు ముందు ఇక్కడ మునిగి, తర్వాతే గద్దెల దగ్గరికి పోతారు. ఒడ్డు పొడవునా తడి బట్టలు, కొబ్బరికాయలు, బెల్లం ముద్దలు, కోళ్లు, మేకలు, పిల్లల ఏడుపులు. ఎవరి సామాను ఎవరిదో ఎవరికీ తెలియదు.

అమ్మ స్నానానికి దిగింది. ఈసారి సంచి చిన్నమ్మ చేతిలో ఉంది. నేనూ తమ్ముడూ ఆట మొదలుపెట్టాం. వాడు దొంగ, నేను జనంలో నడుస్తూ ఉండాలి. పదిసార్లు వాడు నా జేబులోంచి ఫోన్ లాగాలి.

ఫలితం ఇదీ. పదిలో ఏడుసార్లు సైరన్ మోగింది. అందులో నాకు వినబడింది రెండుసార్లు. మిగతా ఐదుసార్లు డప్పుల్లో, మైకుల్లో కలిసిపోయింది. మోగని మూడింటిలో రెండుసార్లు తమ్ముడు తెలివి చూపించాడు. ఫోన్ పైభాగాన్ని అరచేత్తో మూసి లాగాడు. సెన్సర్ ముందు చెయ్యి అడ్డం ఉంది కాబట్టి యాప్ ఇంకా జేబులోనే ఉన్నాననుకుంది పాపం! ఇంకోసారి యాప్ అసలు బతికే లేదు. చార్జింగ్ తగ్గేసరికి ఫోన్‌లోని బ్యాటరీ సేవర్ దాన్ని వెనకాల చప్పుడు లేకుండా ఆపేసింది. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో ఇది మామూలే. యాప్ ఆన్‌లో ఉందని మనం ధీమాగా ఉంటాం. అదేమో ఎప్పుడో నిద్రపోయి ఉంటుంది.

ఇంకో సంగతి. మోగిన ఏడుసార్లూ వెంటనే మోగలేదు. ఓనర్ లాక్ తీసుకోవడానికని యాప్ కొన్ని సెకన్ల టైమ్ ఇస్తుంది. జాతరలో ఆ కొన్ని సెకన్లు చాలు, మనిషి నాలుగు వరసలు దాటిపోతాడు. ఆ తర్వాత పవర్ బటన్ నొక్కి పట్టుకుంటే చాలా ఫోన్లు పిన్ అడగకుండానే ఆఫ్ అయిపోతాయి. ఫోన్ ఆఫ్ అయితే సైరనూ ఆఫే.

గుడారంలో మాత్రం గెలిచింది

న్యాయంగా రెండో వైపు కూడా చెప్పాలి. బుధవారం రాత్రి సారలమ్మ గద్దెకు చేరాక మేం గుడారానికి వచ్చేశాం. తడకలు కట్టిన చిన్న గుడారం. పక్కనే బెల్లం కొట్టతను జనరేటర్ పెట్టి, ఫోన్‌కు ఇంత అని తీసుకుని చార్జింగ్ పెడుతున్నాడు. ఒకే పలక మీద ఇరవై ఫోన్లు. నా ఫోన్ కూడా అక్కడ పెట్టి మోషన్ మోడ్ ఆన్ చేసి, నాలుగడుగుల దూరంలో దుప్పటి కప్పుకున్నాను.

తెల్లవారుజామున మోగింది. దిగ్గున లేచాను. ఒకాయన చేతిలో నా ఫోన్. "నాదీ గిదే రంగు తమ్మీ, చీకట్ల కనబడలే" అన్నాడు. నిజమే కావచ్చు. పక్కనే ఆయనది అచ్చం అలాంటి ఫోనే ఉంది. దొంగతనమో పొరపాటో గానీ, ఫోన్ మాత్రం నా దగ్గరే ఉండిపోయింది.

అంటే ఈ యాప్‌లు ఉత్త దండగ కాదు. ఫోన్ కదలకుండా ఒకచోట ఉండాలి, చుట్టూ నిశ్శబ్దం ఉండాలి, మనం వినేంత దగ్గర ఉండాలి. రైల్లో రాత్రిపూట బెర్తు మీద, హాస్టల్ గదిలో, లైబ్రరీ బల్ల మీద, ఆస్పత్రిలో పేషెంటు పక్కన పడుకున్నప్పుడు ఇవి పనికొస్తాయి. జనంలో జేబుకు మాత్రం కాపలా కాయలేవు. అలారం దొంగను పట్టుకోదు, మనల్ని లేపుతుంది. అంతే దాని పని.

అమ్మ తప్పిపోయింది

శుక్రవారం. మొక్కులు చెల్లించే రోజు. అమ్మ బెల్లం ఎత్తుకుని వరసలో నిలబడింది. ఇక్కడ బెల్లాన్ని బెల్లం అనరు, బంగారం అంటారు. అమ్మ మొక్కు ఏంటో నేను అడగలేదు. గద్దెల దగ్గర తోపులాటలో చెయ్యి వదిలేశాను. ఒక్క నిమిషం. అంతలోనే అమ్మ కనిపించలేదు.

అమ్మ ఫోన్ ఆమె మెడలో, జాకెట్ లోపల పర్సులో భద్రంగా ఉంది. కాల్ చేశా. పోలేదు. అన్ని లక్షల మంది ఒకేచోట ఫోన్లు పట్టుకుంటే నెట్‌వర్క్ ఎట్లా అందుతుంది? లొకేషన్ షేరింగ్ పెట్టాను కదా అని తెరిచి చూశా. నలభై నిమిషాల కిందటి చుక్క చూపిస్తోంది. నా ఫోన్‌లో చార్జింగ్ తొమ్మిది శాతం. పొద్దంతా అలారం యాప్ సెన్సర్లను నడిపిస్తూ బ్యాటరీ తినేసింది. కాసేపటికి అదీ ఆరిపోయింది.

అప్పుడు తెలిసింది అసలు భయం. పక్కనున్నవాళ్ల ఫోన్ అడిగి తీసుకున్నాను. తీరా చూస్తే అమ్మ నంబర్ నాకు నోటికి రాదు! పదేళ్లుగా 'అమ్మ' అన్న పేరు మీద నొక్కడమే తప్ప, ఆ పది అంకెలు ఎప్పుడూ చూడలేదు.

తమ్ముడు ఒకవైపు, నేనొకవైపు గంటన్నర తిరిగాం. చివరికి మైకులో వినబడింది నా పేరు. "హనుమకొండ నుంచి వచ్చిన ఫలానా అబ్బాయి, మీ అమ్మగారు ఇక్కడ ఉన్నారు" అని. ఆ కేక ఏ సైరన్ కంటే కూడా తియ్యగా అనిపించింది.

పోయేసరికి అమ్మ తాపీగా కూర్చుని ఎవరి పిల్లకో అరటిపండు తినిపిస్తోంది. కాల్ కలవకపోతే అమ్మ ఫోన్‌ను నమ్ముకుని కూర్చోలేదు. నేరుగా తప్పిపోయినవాళ్ల పందిరికి వెళ్లింది. కొంగుముడిలో ఓ కాగితం కూడా ఉంది. మా అందరి నంబర్లూ పెన్నుతో రాసుకుంది. "మీ నాయన ఎప్పుడు జాతరకు వచ్చినా గిట్లనే రాసిచ్చేటోడు" అంది.

పందిట్లో చెప్పిన నాలుగు ముక్కలు

అక్కడే డ్యూటీలో ఉన్న ఓ కానిస్టేబుల్ అన్నతో మాట కలిపాను. అలారం యాప్ సంగతి చెప్తే నవ్వాడు. "దొంగ ముందు చేసే పని స్విచ్ఛాఫ్, తర్వాత సిమ్ తీసి పారేయడం. మీ సైరన్ ఎవరి కోసం తమ్ముడూ?" అన్నాడు. ఆయన చెప్పినవి, ఇంటికొచ్చాక నేను సెట్ చేసుకున్నవి కలిపి మీకోసం.

ముందుగా ఐఎంఈఐ. డయలర్‌లో *#06# కొడితే 15 అంకెల నంబర్ వస్తుంది. రెండు సిమ్‌ల ఫోన్‌కు రెండు ఉంటాయి. వాటిని కాగితం మీద రాసి ఇంట్లో పెట్టండి. ఫోన్ పోతే పోలీసు ఫిర్యాదు ఇచ్చి, అదే నంబర్‌తో డూప్లికేట్ సిమ్ తీసుకుని, 2023లో దేశమంతటికీ వచ్చిన సంచార్ సాథీ పోర్టల్‌లో సీఈఐఆర్ విభాగంలో బ్లాక్ చేయించాలి. ఆ తర్వాత ఆ ఫోన్‌లో ఏ కంపెనీ సిమ్ వేసినా మన దేశంలో పనిచేయదు. ఎవరైనా వాడటానికి ప్రయత్నిస్తే ఆ సమాచారం పోలీసులకు చేరుతుంది. దొరికాక మళ్లీ అన్‌బ్లాక్ చేసుకోవచ్చు. అమ్మ ఫోన్ పోయినప్పుడు డబ్బా పారేశాం, ఐఎంఈఐ మా దగ్గర లేదు. అందుకే ఫిర్యాదు ఇవ్వడానికే నేను బద్ధకించాను.

రెండోది, ఫోన్‌లోనే ఉన్న తాళాలు. ఆండ్రాయిడ్ 10, ఆపై వెర్షన్ల ఫోన్లకు 2024 నుంచి గూగుల్ 'థెఫ్ట్ డిటెక్షన్ లాక్' ఇస్తోంది. చేతిలోంచి లాక్కుని పరుగెత్తినా, బండి మీద పారిపోయినా ఆ కుదుపును గుర్తుపట్టి స్క్రీన్‌ను తనంతట తానే లాక్ చేస్తుంది. అరవదు, తలుపు వేసేస్తుంది. ఐఫోన్ వాళ్లకు ఐఓఎస్ 17.3 నుంచి 'స్టోలెన్ డివైస్ ప్రొటెక్షన్' ఉంది. రెండూ సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఆన్ చేశారో లేదో ఒకసారి చూసుకోండి.

మూడోది, 'ఫైండ్ హబ్'. పాత పేరు 'ఫైండ్ మై డివైస్'. ఫోన్ సైలెంట్‌లో ఉన్నా ఐదు నిమిషాలు మోగించవచ్చు, దూరం నుంచే లాక్ చేయవచ్చు. ఫోన్‌కు నెట్ అందుతూ ఉండాలన్నది మాత్రం మర్చిపోవద్దు.

నాలుగోది, డబ్బులు. ఫోన్ పోయిన వెంటనే సిమ్ బ్లాక్ చేయించి, బ్యాంకుకు చెప్పి యూపీఐ ఆపించండి. డబ్బు పోయిందని తెలిస్తే 1930కి కాల్ చేయడంలో ఒక్క నిమిషం కూడా ఆలస్యం చేయొద్దు. సెకండ్ హ్యాండ్ ఫోన్ కొనేవాళ్లు కూడా ముందు దాని ఐఎంఈఐని సంచార్ సాథీలో చెక్ చేసుకోవాలి. దొంగ ఫోన్ కొన్నవాళ్లు కూడా చిక్కుల్లో పడతారు.

ఇంకొక్క మాట. ఊరూపేరూ తెలియని అలారం యాప్ మీ కెమెరా, కాంటాక్టులు, అడ్మిన్ పర్మిషన్లు అన్నీ అడిగితే ఆలోచించండి. దొంగ కోసం పెట్టిన కాపలావాడే ఇల్లు దోచుకోవచ్చు.

తిరుగు బస్సులో

శనివారం తల్లుల వనప్రవేశం. మేం పొద్దున్నే బస్సెక్కాం. కిటికీ పక్కన అమ్మ, ఒళ్లో ప్రసాదం బెల్లం. తాడ్వాయి అడవి దాటాక సిగ్నల్ వచ్చింది. తమ్ముడు చార్జింగ్ పెట్టుకున్న ఫోన్ తీసి ఏదో వెతుకుతున్నాడు. మా ఫ్యామిలీ గ్రూపులో 2020 నాటి మెసేజ్‌ల దాకా పైకి పోయాడు.

"పెద్దమ్మా, ఇది విను" అన్నాడు.

నాన్న గొంతు. పదకొండు సెకన్లు. "అందరూ బస్సెక్కిన్రా? దిగినంక ఫోన్ చెయ్యున్రి."

ఎవరం మాట్లాడలేదు. అమ్మ ఇంకోసారి పెట్టమంది. మూడోసారికి బస్సు ములుగు చేరింది. పోయిన వందల మెసేజ్‌ల్లో దొరికింది ఇదొక్కటే. అది కూడా నేను దాచింది కాదు, తమ్ముడు డిలీట్ చేయకుండా వదిలేసింది.

ఇంటికి రాగానే అమ్మ తన ఫోన్ నా చేతికిచ్చింది. "గా మొత్తుకునే యాప్ తీసెయ్ బిడ్డా. ఫోన్ పోతె పోనీ. దీంట్ల ఉన్నయి పోకుండ చెయ్."

వాట్సాప్ చాట్ బ్యాకప్ 'రోజూ' అని పెట్టాను. ఐదు నిమిషాల పని. రెండేళ్లు ఆలస్యమైంది. నాన్న మెసేజ్‌ను విడిగా మూడు చోట్ల దాచాను. అమ్మ నంబర్ మాత్రం ఏ యాప్‌లోనూ దాచలేదు, నోటికి నేర్చుకున్నాను. మీకు మీ అమ్మ నంబర్ నోటికి వచ్చా? చూడకుండా ఒకసారి చెప్పి చూడండి.